పియర్ చెట్ల కింద కేబుల్

ఊరి క్లినిక్‌కు కరెంటు కేబుల్ వేయడానికి కౌలు తోటల గుండా దారి హక్కు ఇవ్వాలా వద్దా అని ఊరి పాలక మండలి అయిన పారిష్ కౌన్సిల్ ఓటు వేయబోతోంది. ఇస్తే, హిల్డా భర్త చనిపోయే ముందు అక్కడ నాటిన పియర్ చెట్లు కొట్టేస్తారు. సభ్యురాలిగా ఆమె వద్దనడానికే వచ్చింది.

"నా కౌలు మడి ఆ దారిలోనే ఉంది," అంటూ లేచింది. విషయంలో సొంత లాభనష్టాలున్న సభ్యులు ఓటు వేయకుండా బయటికి వెళ్లాలన్నది నియమం.

"కూర్చోవే మహాతల్లీ! నిన్నెవరైనా అడిగారా?" పక్కనున్న సభ్యురాలు మేవిస్ ఆమె కోటు పట్టి లాగింది.

"దేవుడికి తెలుసు కదే."

వెళ్లి వరండాలో నిలబడింది. లోపల ఓట్లు చెరిసగమయ్యాయి. సమానమైనప్పుడు వేసే తన అదనపు ఓటును అధ్యక్షుడు దారి హక్కు ఇవ్వడానికే వేశాడు.

"నువ్వొక్కదానివి వద్దని చెయ్యెత్తి ఉంటే ఆగిపోయేది," బయటికొచ్చిన మేవిస్ ఏడ్చేసింది.

నిజం చెప్పినందుకు ఇదేనా ప్రభువా, అని హిల్డా మనసులో అడిగింది.

"చెట్లు ఎప్పుడు కొడతారట?" అంది మేవిస్‌తో.