గంటను దాచిన ఏడాది

తడిసిన గడ్డి వాసన. దాని మీద గుర్రం ఊపిరి — వెచ్చగా, పొగలా.

గాలి ఇంకా లేవలేదు.

ఆమె దాని మెడ నిమురుతోంది. నిమిరిన చోటే మళ్లీ నిమురుతోంది.

గుర్రాలకి నాడాలు కొట్టే ముసలాయన కూతురు ఆమె. గుర్రం — గాలోడు. పందెపు రోజుల్లో జనం పెట్టుకున్న ముద్దుపేరు. వాడు పరిగెడితే వాడి నీడ వెనకబడిపోయి, దారి అడుక్కుంటూ పొద్దుగూకే వేళకి శాల చేరేదట. చూసినవాళ్లు చెప్పారు. చూడనివాళ్లు ఇంకా బాగా చెప్పారు.

అదంతా అప్పటి మాట.

ముందరి కాలి నరం వాచింది. గెలుపు ఆగింది. గెలుపు ఆగిన గుర్రానికి గడ్డి దండగన్నాడు యజమాని.

ఆమె కాళ్లావేళ్లా పడితే ఒక్క ఏడాది గడువిచ్చాడు.

"పందెం మానిన గుర్రాలకి నడక పోటీ పెడతారుగా. అందులో బుద్ధిగా నడిచి, నిలబడమన్న చోట నిలబడితే సవారీ నేర్చుకునేవాళ్లకి ఉంచుతా. లేదంటే మర్నాడే కబేళా బండి. మళ్లీ నా దగ్గరికొచ్చి ఏడవకూడదు."

ఏడాది.

పరుగే పుట్టుకైనవాడికి నడక నేర్పడం — ఏటిని పట్టుకుని కాసేపు కూర్చోమన్నట్టే.

లోకంలో కళ్లెం లాగితే గుర్రం ఆగుతుంది. వీడికి లాగితే ఇంకా ఉరకమని. పందెపు చదువు అది. లాగకుండా వదలడం ఆమె నేర్చుకుంది. వదిలితే ఆగడం వాడు నేర్చుకున్నాడు.

బెదురు పోవాలని గొడుగులు తెరిచి చూపించారు. జెండాలు ఊపారు. మైకులో అరిచారు. ముసలాయన విరిగిన కుర్చీలో న్యాయనిర్ణేతలా కూర్చుని దగ్గేవాడు. దగ్గితే ఆగి నిలబడమని.

గంట మాత్రం వద్దన్నాడు.

పందెంలో గంట మోగితే ఇనుప తలుపు తెరుచుకునేది. తలుపు తెరుచుకుంటే ఇక పరుగే.

"ఆ చప్పుడు చెవిన పడకపోతే వాడే మర్చిపోతాడమ్మా. చేసిన మేలు మనుషులే మర్చిపోతారు, గుర్రమెంత!"

సైకిలు గంట ఊడదీశాడు. అప్పట్నుంచీ వీధిలో "జరగండి బాబూ, జరగండి, గంటని నేనే!" అని నోటితో మోగుతూ పోయేవాడు. మేక మెడలో గంట తీసేశాడు. మేక అలిగిందట, మూడ్రోజులు ఆయన చేతి ఆకు ముట్టలేదట. పాలామె కూడా గొళ్లెం కొట్టడం మానేసి, వాకిట్లో గొంతు సవరించుకునేది.

ఇల్లంతా ఏడాదిపాటు గుసగుసగా బతికింది.

గాలోడు నిద్రలో కాళ్లు విదిలించడం మానేశాడు. మర్చిపోయాడనుకున్నారు...

ఇవాళ మైదానం. తెల్ల కంచె. కంచె అవతల యజమాని, చేతులు కట్టుకుని. ఇవతల తండ్రి, అరిగిన చెప్పుల్లో.

"భయమేస్తోంది నాన్నా."

"నీకా, వాడికా?"

"ఇద్దరికీ."

"అయితే చెరిసగం పంచుకోండి. నా వాటా తియ్యక్కర్లేదు, నా దగ్గర బోలెడుంది."

ఆమె నవ్వింది. నవ్వుతూనే ఎక్కింది.

గాలోడు నడిచాడు. నెత్తిన నిండుబిందె ఉన్నట్టు నడిచాడు. గొడుగులు దాటాడు. జెండాలు దాటాడు. మైకు అరిచింది — చెవైనా కదపలేదు.

ఏడాదిలో మొదటిసారి ఆమె నమ్మింది.

బల్ల వెనక కూర్చున్న న్యాయనిర్ణేత చెయ్యి చాచింది. దగ్గలేదు.

గంట కొట్టింది.

చిన్న గంట. బల్ల మీది గంట. బడిపిల్లలు కూడా లెక్కచెయ్యని గంట.

"అయ్యో తల్లీ..." కంచె పట్టుకుని ముసలాయన కూలబడ్డాడు. "దాచిపెట్టానే గానీ... అలవాటు చెయ్యలేదే!"

గాలి లేచింది.

ఆమె లాగలేదు. లాగకూడదని తెలుసు. వదిలింది. వదిలితే ఆగేవాడు — నిన్నటిదాకా. ఇవాళ ఆ వదిలిన చేతుల్ని వాడు దీవెన అనుకున్నాడు.

కుంటికాలు కుంటడం మర్చిపోయింది. నేల వాడి కింద నించి పారిపోతోంది. కంచె తెల్లటి గీత అయింది, గీత గాలి అయింది.

జనం లేచారు. చప్పట్లు. ఎంత అందంగా పరిగెడుతున్నాడో అని చప్పట్లు.

కొట్టకండి... కొట్టకండి... ఆమె లోలోపల బతిమాలుతోంది. చప్పట్లు పెరిగేకొద్దీ వాడి పరుగూ పెరుగుతోంది. అవి దేనికి కొడుతున్నారో కొట్టేవాళ్లకి తెలియదు. వాడికీ తెలియదు.

యజమాని మాత్రం కొట్టలేదు. జేబులోంచి ఫోను తీశాడు.

ఏడాది మొత్తంలో గాలోణ్ని అంత సంతోషంగా ఆమె చూడలేదు. కాలు నొప్పి కన్నా, కబేళా బండి కన్నా, అదే ఆమెని ముందు కోసింది.

మూడు చుట్లు.

చివరి మలుపు దాటాక తనంతట తనే ఆగాడు. ఒళ్లంతా నురగ. ఆమె దిగలేదు. మెడ మీద తల ఆనించింది. నలిగిన గడ్డి వాసన. దాని మీద వాడి ఊపిరి — ఎగుడుదిగుడుగా.

గాలోడు తలెత్తి వెనక్కి చూశాడు.

మిగతా గుర్రాలేవి? ఇంకా రాలేదేం?

చెవులు రిక్కించి, నిలబడమన్న చోట నిలబడ్డట్టు, నాలుగు కాళ్లూ కదపకుండా... ఖాళీ మైదానంలోకి చూస్తూ నిలబడ్డాడు.