బస్టాండులో దొరబాబు

2006 వేసవిలో రామచంద్రపురం బస్టాండులో ఒక మరమనిషి వెలిసింది. నూనె డ్రమ్ము ఒళ్ళు, స్కూటర్ హెడ్‌లైట్లు కళ్ళు. పేరు దొరబాబు. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్న సత్యశ్రీ, శశిభూషణ్ ప్రాజెక్టు కోసం తయారుచేశారు.

మీట నొక్కి అడిగితే ఏ బస్సు ఎప్పుడొస్తుందో చెప్పేది. నిజానికి చెప్పేది పక్కనున్న పార్సిల్ గదిలో కూర్చున్న సత్యశ్రీ. ఆమె గొంతును కంప్యూటర్ మగగొంతుగా మార్చేది. అడిగినవాళ్ళ మాటలు కూడా అందులోనే రికార్డయ్యేవి. ఈ సంగతి జనానికి తెలియదు.

"దొరబాబుగారూ, ద్రాక్షారామం బస్సు వెళ్ళిపోయిందాండి?" అని డ్రమ్ముకి కూడా గారు తగిలించి అడుగుతుంటే గదిలో ఇద్దరికీ నవ్వాగేది కాదు.

ఒక ఉదయం జనం పలచబడ్డాక రత్నమాణిక్యం అనే ఆవిడ వచ్చి కాకినాడ బస్సు అడిగింది. సత్యశ్రీ చెప్పింది. ఆవిడ కదల్లేదు. అటూ ఇటూ చూసి ముందుకు వంగింది.

"నువ్వు యంత్రానివి కదా బాబూ, ఎవరికీ చెప్పవుగా. రొమ్ములో గడ్డొచ్చింది. పెద్దాసుపత్రికి వెళ్తున్నాను. ఇంట్లో చెల్లెలింటికని చెప్పొచ్చాను. భయంగా ఉంది."

గదిలో నవ్వులు ఆగిపోయాయి.

"ఏదో ధైర్యం చెప్పి పంపెయ్," అన్నాడు శశిభూషణ్ మెల్లగా.

సత్యశ్రీ మైకు కట్టేసింది. "నేను వెళ్ళి నిజం చెప్పేస్తాను."

"మోసమంటారు సత్యా!"

"మోసమేగా."

బయటికి వచ్చి ఆవిడ ఎదుట నిలబడింది. "పిన్నిగారూ, క్షమించండి. ఇందాక మాట్లాడింది నేనండి. మీరు చెప్పింది విన్నాను. లోపల ఇంకో అబ్బాయి కూడా విన్నాడు."

రత్నమాణిక్యం ముఖం జేవురించింది. చప్పున పైట భుజాల నిండా కప్పుకుంది. "మగపిల్లాడు కూడానా? నలుగురూ తిరిగే చోట ఇలాంటిదా పెట్టేది? సిగ్గులేదూ మీకు?"

సత్యశ్రీ ఆవిణ్ణి గదిలోకి తీసుకెళ్ళింది. శశిభూషణ్ తలొంచుకుని బయటికి వెళ్ళిపోయాడు. మాటలు రికార్డయ్యాయని కూడా చెప్పి, ఆవిడ కళ్ళెదుటే చెరిపేసింది.

"ఇంకెక్కడా లేదుగా?"

"లేదండి."

కాకినాడ బస్సు హారన్ కొట్టుకుంటూ వచ్చింది. ఆవిడ సంచీ అందుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"ఎలాగూ విన్నావు. నాతో రాకూడదూ? ఆ చీట్లూ, ఆ గదులూ నాకు తెలీవు."

సత్యశ్రీ చెప్పులు తొడుక్కుని బస్సెక్కింది. దారి పొడవునా ఆవిడ గడ్డ ఊసెత్తలేదు, తన గేదె చేసే అల్లరి గురించే చెప్పింది. పరీక్షలయ్యాక అది వట్టి కొవ్వు గడ్డేనని, భయం లేదని తేలింది. ఆ సాయంత్రమే రత్నమాణిక్యం ఇంట్లో అంతా చెప్పేసి, మొగుడి చేత చీవాట్లు తిని, తర్వాత హాయిగా అన్నం తింది.

శశిభూషణ్ రికార్డింగు తీసేశాడు. మీట నొక్కగానే దొరబాబు ముందుగా ఇలా అనేట్టు మార్చాడు: "గదిలో మనిషున్నారండి, మీ మాట వింటారు. బస్సుల సంగతే అడగండి." పార్సిల్ గది తలుపు బార్లా తెరిచి పెట్టారు.

ఇక జనం రారనుకున్నాడు. వచ్చారు. కాకపోతే దొరబాబుని దాటుకుని తిన్నగా గుమ్మం దగ్గరికే వచ్చి, "అమ్మాయిగారూ, మండపేట బస్సెప్పుడండి?" అని అడగడం మొదలుపెట్టారు.