అరుపుల కొంప

మా వియ్యాలవారిది చెరుకుపల్లి. వాళ్ళు మనుషులు కారు, మైకులు. అమ్మాయి లక్ష్మీప్రియ ప్రేమించి చేసుకుంది కాబట్టి ఊరుకున్నాను గానీ, బాపట్లలో ఇన్నేళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన నాకు ఆ ఇంటి గడప తొక్కాలంటేనే కంపరం.

ఈసారి మాత్రం పిల్లను వెంటబెట్టుకుని రావాలనే బయల్దేరాను. దాని అత్తగారు గావుకేకలు పెట్టడం ముందురోజు ఫోనులో నా చెవులతో విన్నాను. మా ఇంట్లో గొంతు పెంచడమన్నదే లేదు. కోపం వస్తే నేను మాట్లాడటం మానేస్తాను. మా ఆవిడ శారదా అంతే. ఒకసారి దసరాకు మానేసిన మాటలు ఉగాదికి గానీ మొదలు కాలేదు. సంస్కారం అంటే అదీ.

గుమ్మంలో ఉండగానే లోపల రభస వినిపించింది.

"పప్పులో ఇంత ఉప్పేంటే, సూర్యలంక సముద్రం తెచ్చి పోశావా!" వియ్యపురాలు కోటేశ్వరమ్మ.

"ఇంకొంచెం వెయ్యమంది మీరేగా అత్తయ్యా!" అంతకు రెట్టింపు గొంతు. అది నా కూతురిది! నాకు తల కొట్టేసినట్టయింది.

కోటేశ్వరమ్మ నన్ను చూసి, "అన్నయ్యగారొచ్చారు! రండన్నయ్యగారూ, కాళ్ళు కడుక్కోండి!" అంది. ఆ ఊరికి వేరే దండోరా అక్కర్లేదు.

అమ్మాయిని పెరట్లోకి పిలిచాను. "బట్టలు సర్దుకోమ్మా. ఈ అరుపుల కొంపలో నువ్వుండలేవు."

అది నవ్వింది. "అరిచేస్తే అయిపోద్ది నాన్నా. కాసేపట్లో అందరం కలిసి అన్నాలు తింటాం. మనింట్లో మీరిద్దరూ మాట్లాడుకోకపోతే, నేనేం తప్పు చేశానో తెలీక హడలి చచ్చేదాన్ని. బడి నుంచి రాగానే ముందు మీ మొహాలు చూసేదాన్ని. ఇక్కడ మొదట్లో నేను మెల్లగా మాట్లాడుతుంటే, జ్వరమేమోనని అత్తయ్య డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది."

పిల్ల ఎంతకు దిగజారింది! ఒంటరిగా బస్సెక్కాను.

ఇంటికొచ్చేసరికి వంటింట్లోంచి పెద్ద నవ్వు. ఎవరో పొరుగావిడ అనుకున్నాను. చూస్తే శారద.

"ఏంటీ, సముద్రం పోశావా అన్నారా? ఏదీ, వదినగారికివ్వు ఫోను!" అని అరుస్తోంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ గొంతు నేనెరుగను.

నన్ను చూసింది. "వచ్చారే, ఉంటా" అని ఫోను పెట్టేసింది.

కంచం పెట్టి, మంచినీళ్ళు పెట్టి, చప్పుడు చేయకుండా అవతలికి వెళ్ళిపోయింది. ఎప్పుడూ జరిగేదే, కొత్తేముంది. కానీ ఆ పూట నాకు ముద్ద దిగలేదు.