గంట మోగేలోపు

2006 మార్చి పద్నాలుగు, మంగళవారం. నాటింగ్‌హామ్ నుంచి లండన్ వెళ్ళే కోచ్‌లో ఫిలోమినా, నేను పులిహోర తిన్నాం. పొద్దున్నే లేచి నేనే కలిపాను. పులుపు కాస్త ఎక్కువైంది. ఆవిడ ఆ మాట అనలేదు. వేరుశనగ గుళ్ళు ముందు ఏరుకుని తినేసి, "మీ ఆవిడ చేసి ఉంటే ఇంకా బాగుండేదేమో సర్" అంది.

"బాగుండేది. ఆదిలక్ష్మి ఇంగువ మరిచిపోయేది కాదు."

నా భార్య ఆదిలక్ష్మి చివరి రోజులు గడిపిన వార్డులో ఫిలోమినా భోజనాలు పంచేది. ఆదిలక్ష్మికి చల్లనీళ్ళు పడవని ఎవరూ చెప్పకుండానే కనిపెట్టి, రోజూ గ్లాసులో కాస్త వేడినీళ్ళు కలిపి తెచ్చేది. ఆ గోరువెచ్చని గ్లాసు నాకిప్పటికీ గుర్తే.

ఫిలోమినాది బ్రిటన్‌కు మిత్రదేశం. కిందటి ఆగస్టులో ఆ దేశపు నౌకాదళం గస్తీ ఓడ ఒకటి చేపల పడవల మీద కాల్పులు జరిపింది. ఆవిడ పెద్ద తమ్ముడు ఆ కాల్పుల్లో పోయాడు. చిన్న తమ్ముడు ఇంకా అదే నీళ్ళలో వల వేస్తున్నాడు. అతనికి మరో పని తెలియదు. ఇప్పుడు మన బ్రిటన్ నౌకాదళం పక్కన పెట్టిన పాత గస్తీ ఓడను బాగుచేసి, రంగులు వేసి, విడిభాగాలతోనూ సిబ్బంది శిక్షణతోనూ కలిపి ఆ నౌకాదళానికే అమ్మారు. శుక్రవారం అది రేవు దాటుతుంది.

ఈ దేశంలో ఆయుధాల అమ్మకానికి ప్రభుత్వం ముందు అనుమతి ఇచ్చేస్తుంది. పార్లమెంటు కమిటీ ఆ తర్వాత పరిశీలిస్తుంది. మా అమ్మాయి లాస్య ఆ కమిటీలోని ఒక ఎంపీ దగ్గర పనిచేస్తోంది. ఫిలోమినా సంగతి నేను చెప్పగానే ఫోన్‌లో ఎగిరి గంతేసింది.

"నాన్నా, దిస్ టైమ్ ఇట్స్ డిఫరెంట్. షిప్ ఇంకా ఇక్కడే ఉంది. అనుమతి ఇచ్చేముందు ఆ కాల్పుల సంగతి చూశారా అని మినిస్టర్‌ని అందరి ముందూ అడిగితే, చూడలేదని ఒప్పుకోవాలి. అప్పుడు షిప్‌ని ఆపక తప్పదు. మా బాస్ అడుగుతానన్నాడు. ఆంటీని తీసుకురా."

అందుకే తీసుకెళ్ళాను.

కమిటీ గది గోడలకు ముదురు రంగు చెక్క. ఎంపీలు గుర్రపు లాడం ఆకారంలో కూర్చుంటారు. జనానికి వెనక కుర్చీలు. తలుపు దగ్గర నల్లకోటు వేసుకుని తెల్ల బో టై కట్టుకున్న ముసలి ద్వారపాలకుడు ఒకాయన నిలబడి ఉన్నాడు. ఫిలోమినా మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కడం చూశాడో ఏమో, ఏమీ అడగకుండా హీటర్ పక్కనున్న కుర్చీ చూపించాడు.

మొదలయ్యేముందు లాస్య మా దగ్గరకొచ్చి వంగింది. మొహం బాగాలేదు.

"నాన్నా, మా బాస్‌ది లాస్ట్ క్వశ్చన్ అయిపోయింది. షిప్‌ని బాగుచేసిన షిప్‌యార్డ్ ఊరి ఎంపీకి ట్రైన్ ఉందట, ముందు అడుగుతానంది. ఈయన సరేనన్నాడు."

"ఎందుకన్నాడు?"

"మర్యాద. ప్రశ్నల వరుస మినిస్టర్ ఆఫీసుకి ముందే పంపిస్తారు, అదీ మర్యాదే. ఐదింటికి ఓటింగ్ ఉంది. బెల్ మోగిందంటే వీళ్ళందరూ పరుగెత్తాలి. ఈలోపు మావాడి వంతు రావాలి. హీ ఈజ్ టూ బ్లడీ పొలైట్!"

"లాస్యా!"

"సారీ."

మంత్రి చక్కగా దువ్వుకున్న తలతో, చిరునవ్వుతో వచ్చాడు. షిప్‌యార్డ్ ఊరి ఎంపీ ఆ ఓడ వల్ల తమ ఊళ్ళో ఎంతమందికి పని దొరికిందో చెప్పమంది. ఆయన చెప్పాడు. వెల్డర్ల నైపుణ్యం గురించి చెప్పాడు. పని నేర్చుకునే కుర్రాళ్ళ కళ్ళలో మెరుపు గురించి చెప్పాడు. ఓడకు వేసిన రంగు గురించి కూడా చెప్పాడు. ఆవిడ కృతజ్ఞతలు చెప్పింది. ఆయన ఆవిడ కృతజ్ఞతలకు కృతజ్ఞతలు చెప్పాడు. ఇంకో సభ్యుడు, అప్పగింత రోజున బ్యాండు మేళం మన ఖర్చా వాళ్ళ ఖర్చా అని అడిగాడు. అందరూ నవ్వారు. ట్రైన్ ఉందన్న ఆవిడ కదలకుండా కూర్చుని మరీ నవ్వింది.

పక్కన ఫిలోమినా, వాళ్ళ వేగమైన ఇంగ్లీషు అందక, ఆ నవ్వుల్లో తనకు అర్థంకాని మంచి కబురేదో ఉందేమోనని, తనూ కొంచెం నవ్వింది. అది చూడలేకపోయాను.

మంత్రి ఒక్కసారి గోడగడియారం వైపు చూశాడు. తర్వాత మన నౌకాదళానికీ ఆ దేశానికీ ఉన్న పాత స్నేహం గురించి మొదలుపెట్టాడు. ఏ రాజు కాలంలో ఏ తుపానులో ఎవరు ఎవరిని రక్షించారో తీరిగ్గా చెప్పాడు. నీళ్ళు తాగాడు. మళ్ళీ చెప్పాడు.

చివరికి లాస్య బాస్ గొంతు సవరించుకున్నాడు. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు.

"మంత్రిగారూ, ఈ ఓడకు అనుమతి ఇచ్చేముందు, కిందటి ఆగస్టులో..."

ఆగస్టు అన్న మాట ఫిలోమినాకు అర్థమైంది. నిటారుగా కూర్చుని నా కోటు చెయ్యి పట్టుకుంది.

గంట మోగింది.

బడి వదిలినట్టు అందరూ లేచారు. మంత్రి పక్కనున్న అధికారి వైపు కన్ను గీటి, "సరిగ్గా సమయానికి" అన్నాడు. నేను తలుపు దగ్గరకు వెళ్ళి అడ్డంగా నిలబడ్డాను.

"సర్, ఒక్క ప్రశ్న..."

"మీరు వచ్చినందుకు చాలా సంతోషం" అంటూ నా చెయ్యి అందుకుని ఊపి వెళ్ళిపోయాడు. మెత్తని, వెచ్చని చెయ్యి. అలవాటు కొద్దీ నేనూ చిరునవ్వు నవ్వాను. తర్వాత జేబురుమాలుతో చెయ్యి తుడుచుకున్నాను. మళ్ళీ తుడుచుకున్నాను.

ఓటింగయ్యాక తిరిగి వచ్చింది కమిటీ అధ్యక్షుడు, లాస్య బాస్ మాత్రమే. సరిపడా సభ్యులు లేరు కాబట్టి మిగిలిన ప్రశ్న రాతపూర్వకంగా పంపుదామని అధ్యక్షుడు చెప్పి వెళ్ళిపోయాడు. లాస్య బాస్ మా దగ్గరకొచ్చి, "చాలా దురదృష్టం" అన్నాడు. పిక్నిక్ రోజున వాన పడితే అనే మాట అది.

"రాసి పంపితే జవాబెప్పుడొస్తుంది?" అని లాస్యను అడిగాను.

"మే, జూన్. షిప్ వెళ్ళిపోయాక."

ఫిలోమినా లేవలేదు. "మిగతావాళ్ళూ ఓటు వేసి వస్తారు కదా సర్. ఆగస్టు వరకూ చెప్పారు. తర్వాతి మాట చెప్పాలి కదా."

"ఇక రారు ఫిలోమినా గారూ."

ఆవిడ ఖాళీ కుర్చీల వైపు చూస్తూనే ఉంది. లాస్య నేలమీద కూర్చుని ఆవిడ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ద్వారపాలకుడు మంచినీళ్ళ గ్లాసులు ఏరాడు. మా వరుస దాకా వచ్చి, ఆవిడను చూసి, వెనక్కి వెళ్ళి, సరిగ్గానే ఉన్న కుర్చీలను మళ్ళీ సర్దడం మొదలుపెట్టాడు. ఒక్కో దీపం ఆర్పుతూ మా మీది దీపం మాత్రం వదిలేశాడు.

కాసేపటికి ఫిలోమినా అడిగింది. "అక్కడికి చేరడానికి ఓడకి ఎన్నాళ్ళు పడుతుంది?"

"కొన్ని వారాలు" అన్నాను.

"అయితే తమ్ముడికి ఫోన్ చేస్తాను. మరీ లోపలికి వెళ్ళొద్దని చెప్తాను."

"వింటాడా?"

"చేపలు లోపలే ఉంటాయి సర్." బ్యాగులో నా పులిహోర డబ్బా కనిపిస్తే తీసి నా చేతికిచ్చింది. తుడిచి, శుభ్రంగా మూత పెట్టి ఉంది.

ముగ్గురం బయటకు నడిచాం. ఫిలోమినా నెమ్మదిగా దాటేదాకా ఆ ముసలాయన బరువైన తలుపును భుజంతో పట్టుకుని నిలబడ్డాడు.

"గుడ్ నైట్, మేడమ్" అని తల వంచాడు.

తర్వాత లోపలి ఆఖరి దీపం ఆర్పి, పిడి తిప్పి పట్టుకుని, చప్పుడు కాకుండా, ఆ రాత్రికి తలుపు మూశాడు.