ఆవిరికి అవతలి వైపు

పొద్దున్నే మ్యాపుల ఆఫీసులో టీ కెటిల్ మరిగేసరికి గుమాస్తాలు గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడేవారు.

"అక్కా, ఇవాళ ఏ దేశం?"

"ఇండోనేషియా. వేల దీవులు. గబగబా చూసుకోండి, చెదిరిపోతాయి."

కెటిల్ ముక్కులోంచి లేచిన ఆవిరి రోజుకో దేశం ఆకారం కట్టేది, కొండలూ నదులతో సహా. "దీవులు సరే, చక్కెరేదీ?" అని ఒకాయన మూతి విరిచేవాడు. అంతకుమించి ఎవరూ ఏమీ అనేవారు కాదు.

టీ అక్క కూతురు తొమ్మిదో ఏటినుంచీ పొయ్యికి అవతల ఎత్తుపీట మీద కూర్చునే లోకమంతా నేర్చుకుంది. కాఫీ పుట్టిల్లు ఇథియోపియా. కొండెక్కితే నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. లావోస్‌కి సముద్రం లేదు. ఏదడిగినా నాలుక చివరే. గోడ మీది మ్యాపులు తిరగేసి అచ్చయ్యాయని మాత్రం అనేది. వేళాకోళమనుకుని అందరూ నవ్వేవారు.

ఆ ఏడు ఆఫీసు క్విజ్‌లో నెగ్గినవాళ్లకి మ్యాపులు గీసే శిక్షణలో చోటు. ఒక్కటే చోటు. పిల్లకి ఇరవై నిండుతున్నాయి. మరుసటి ఏటికి వయసు దాటిపోతుంది.

చివరికి ఇద్దరు మిగిలారు. తల్లి టీ ట్రేతో తలుపు దగ్గర నిలబడింది.

"వియత్నాంకి సముద్రం ఏ వైపు?"

"పడమర!" అంది పిల్ల.

హాలు గొల్లున నవ్వింది. ట్రేలో గ్లాసులు గలగలలాడాయి. తప్పా? తన పిల్లా?

"జావా దీవి తోలుబొమ్మలాట. చూసేవాళ్లు తెరకి ఏ వైపు కూర్చోవచ్చు?"

"రెండు వైపులా అండీ! ఒకవైపు నీడలు, ఒకవైపు బొమ్మలు," అంది పిల్ల.

"సరైన జవాబు. ఇద్దరూ సమానం. టీ తాగొచ్చాక ఆఖరి ప్రశ్న."

రెండు వైపులా. తల్లి ట్రే పక్కన పెట్టేసింది. పరుగున పోయి కెటిల్ పెట్టి, పిల్ల ఎత్తుపీట మీద తను కూర్చుంది. ఆవిరి వియత్నాం కట్టింది. సముద్రం ఎడమ చేతి వైపుంది.

చిన్నప్పుడోసారి పిల్ల చెయ్యి ఆవిరికి కాలింది. ఆనాటినుంచీ 'ఇటు రాకు' అని అవతల కూర్చోబెట్టింది తనే. పదకొండేళ్లు లోకాన్ని వెనకనుంచి చూపించింది. ఎత్తుపీట దిగి తన చోటికి వచ్చి, టీ కోసం వచ్చిన పిల్లని కేకేసింది.

"ఇటు రావే తల్లీ! నా వైపు!"

"కాలుతుందంటావుగా అమ్మా?"

"కాలనీ. ముందు చూడు."

పిల్ల వచ్చింది. చూసింది. "అయ్యో అమ్మా! గోడ మ్యాపులు సరిగ్గానే ఉన్నాయే!"

ఇద్దరికీ నవ్వాగలేదు. కెటిల్‌కీ ఆగలేదు. రోజుకొక్కటి చూపేది కాస్తా థాయ్‌లాండ్, కంబోడియా, మయన్మార్, ఫిలిప్పీన్స్ అంటూ నీళ్లు అడుగంటేదాకా కడుతూనే ఉంది.

గంట మోగింది.

"లావోస్‌కి తూర్పున ఏ దేశం?"

పిల్ల బజర్ మీద ఒక్క చరుపు చరిచింది. "థాయ్..." అనబోయి నాలిక్కరుచుకుంది. తలుపు దగ్గరున్న తల్లిని చూసింది.

"వియత్నాం!"

ట్రే జారింది. పన్నెండు గ్లాసులు. ఒక్కరూ కసరలేదు.

సోమవారం గుమాస్తాలు మామూలుగానే వచ్చారు.

"అక్కా, ఇవాళ ఏ దేశం?"

తల్లి తలెత్తింది. ఆవిరి తన ముందు లేదు. గుమ్మం దాటి, మెట్లెక్కి, పై అంతస్తులో పెన్సిల్ చెక్కుకుంటున్న అమ్మాయి బల్ల దాకా పోయింది.

"పైకెళ్లి అడగండి," అంది తల్లి, చక్కెర ఓ చెంచా ఎక్కువే వేసి.