కీర్తిశేషుడి తల్లి

చిత్రపరిశ్రమలో ఆయన్ని అందరూ కీర్తిశేషుడు అనే పిలుస్తారు. బతికున్న మనిషిని ఆ మాటతో పిలవడం అమంగళమని ఆయన భార్య మొదట్లో కొంత పోరాడింది. కానీ లోకం నోరు పెద్దది. చివరికి ఆవిడే ఫోనెత్తి, "కీర్తిశేషులు గారు స్నానం చేస్తున్నారండీ, తర్వాత చేయండి" అని చెప్పే స్థితికి వచ్చింది.

ఆ బిరుదు ఆయనకు ఉత్తపుణ్యానికి రాలేదు. నది అవతలి దేశంతో యుద్ధం ఎప్పుడో చల్లారిపోయినా, వెండితెర మీద మాత్రం ఏటా రెండుమూడుసార్లు రగులుతూనే ఉంది. ఆ యుద్ధాల్లో శత్రు సేనాని కానీ, శత్రు గూఢచారి కానీ, వంతెనలు పేల్చే శత్రు శాస్త్రవేత్త కానీ, చివరి ఘట్టంలో తూటాలు తిని నేలకొరిగేది ఈయనే. కొండల మీంచి దొర్లాడు. కాలువల్లో బోర్లా తేలాడు. ఎగురుతున్న విమానం రెక్క మీద వేలాడుతూ ప్రాణం విడిచినప్పుడు విమర్శకులు కంటతడి పెట్టి, శత్రువు కోసం ఏడ్చినందుకు మర్నాడు క్షమాపణలు చెప్పుకున్నారు. ఇచ్ఛామరణమనే వరం పురాణపురుషులకు ఉండేదట. ఈయనకూ ఉంది, కాకపోతే ఇచ్ఛ నిర్మాతది.

చావుకన్నా ఆయనకు ఎక్కువ పేరు తెచ్చింది యాస. నది అవతలివాళ్ళు మాట చివర సాగదీసి, కొసను కాస్త పైకెత్తి వదులుతారు. ఈయన తెర మీద ఆ యాసలో హుంకరిస్తే హాల్లో పిల్లలు కుర్చీల కింద దూరేవారు. "ఎక్కడ పట్టావయ్యా ఆ యాస?" అని పెద్దలు అడిగితే, ఆయన వినయంగా తల వంచి, "సాధనండీ" అనేవాడు.

సాధన కాదు, గాడిదగుడ్డూ కాదు. అది ఆయన తల్లి యాస. సరిహద్దు మూతపడకముందు ఇవతలి బడిపంతుల్ని పెళ్ళాడి, పడవెక్కి వచ్చిన మనిషి ఆవిడ. ఊళ్ళు తగలబెట్టమని తెర మీద ఆయన ఆజ్ఞాపించే స్వరం, చిన్నప్పుడు ఆవిడ ఆయన్ని వీధిలోంచి భోజనానికి కేకేసిన స్వరమే. దేశం మొత్తం ఆ భోజనపు పిలుపుకు గడగడ వణుకుతోందన్న సంగతి ఇంట్లో ముగ్గురికే తెలుసు.

అటువంటి మనిషికి ధ్వజవీరుడి వేషం వేసే అవకాశం వచ్చింది. ధ్వజవీరుడంటే సామాన్యుడు కాడు. ఆకాశంలో ఎగురుతాడు, తూటా దిగనివాడు, జెండానే ఒంటికి తొడుక్కుని దేశాన్ని అరచేతిలో పెట్టుకుని కాపాడతాడు. కొత్తగా వచ్చిన దర్శకురాలొకామె, "కుర్రాళ్ళు వద్దు సార్. దేశాన్ని మోసీ మోసీ అలిసిపోయిన ముఖం కావాలి. అది మీదే," అంది. వేషానికి పరీక్ష ఆ రోజే. "ముందు పెద్దవాళ్ళు మీ వివరాలేవో అడుగుతారట. ఉత్త లాంఛనం," అని కూడా అంది.

ఆ లాంఛనమే కీర్తిశేషుణ్ణి పొద్దుటినుంచి కాలుగాలిన పిల్లిని చేసింది. సగం గడ్డం గీసుకుని వంటింట్లోకి వచ్చాడు, మిగతా సగం గీసుకోవడానికి వెళ్ళి చొక్కా వెతకడం మొదలుపెట్టాడు.

"ఏవండీ, అలా ఆ గదికీ ఈ గదికీ తిరిగితే నేల అరుగుతుంది గానీ గడియారం కదలదు," అంది భార్య, చొక్కా ఇస్త్రీ చేస్తూ.

"అమ్మానాన్నలు ఎక్కడివాళ్ళని అడుగుతారు."

"అడిగితే చెప్పండి. ఎవరి కొంపైనా కూల్చామా?"

"నాన్న సంగతి సరే. అమ్మ..."

కిటికీ దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తున్న తల్లి తలెత్తకుండానే అంది: "నేను పోయానని చెప్పరా."

"అమ్మా!"

"ఏం? ఇన్ని సినిమాల్లో నువ్వు నా కళ్ళెదుట చచ్చావు. ప్రతిసారీ కొంగు మొహాన వేసుకుని కూర్చున్నాను. నీకోసం నేనొక్కసారి చస్తే అరిగిపోతానా? ఒక్క సినిమాలోనైనా నువ్వు బతికి ఇంటికి రావడం చూడాలని నాకూ ఉంటుంది కదరా."

"అత్తయ్యా, పొద్దున్నే ఏం మాటలవి?"

"ఇది నటనే అమ్మాయ్. మీ ఆయనకొక్కడికే వచ్చా ఏం?"

కీర్తిశేషుడు ఒకే కాలికి రెండు మేజోళ్ళు తొడుక్కుని, విప్పి, మళ్ళీ తొడుక్కుని బయల్దేరాడు.

స్టూడియోలో కీర్తిశేషుడి ఎదుట ఒక పొడవాటి బల్ల వెనక ముగ్గురు కొలువుదీరి ఉన్నారు. నడుమ నిర్మాత. కుడివైపు పంపిణీదారు, అంటే సినిమాను ఊరూరా హాళ్ళకు చేర్చేవాడు, జనం ఏమంటారో జనం కంటే ముందే తెలిసినవాడు. ఎడమవైపు పదవీ విరమణ చేసిన సైనికాధికారి. చిత్రంలో దేశభక్తి ఉప్పు ఎక్కువైందో తక్కువైందో రుచి చూసి చెప్పే సలహాదారు. దర్శకురాలు ఒక మూల నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది. బయట వసారాలో ఒక కండల కుర్రాడు తన వంతు కోసం కూర్చున్నాడు.

"ఆ కుర్రాడి తాత యుద్ధంలో పోరాడినవాడు," అన్నాడు పంపిణీదారు. "పోస్టరు మీద ఆ ఒక్క ముక్క వేస్తే చాలు, హాళ్ళు నిండుతాయి."

"ఎగరాల్సింది తాత కాదుగా సార్?" అంది దర్శకురాలు.

"రక్తమనేది ఒకటుంటుందమ్మా!"

"ధ్వజవీరుడు తూటా దిగని మనిషండీ. రక్తం ఎలాంటిదైతేనేం, బయటికి రాదుగా?"

నిర్మాత పకాలున నవ్వి, పక్కవాళ్ళు నవ్వలేదని చూసుకుని, దగ్గులోకి దింపాడు. "నదీమూలం, ఋషిమూలం అడగొద్దన్నారు పెద్దలు. నటుడి మూలం అడగొద్దని అనలేదు. చెప్పవయ్యా, నాన్నగారు?"

"బడిపంతులండీ. ఈ ఊరే. పోయి చాలాకాలమైంది."

"అమ్మగారు?"

పక్క షెడ్డులో ఎవరో మేకులు కొడుతున్నారు. ఆ సుత్తి దెబ్బలు ఆగితే జవాబు చెబుదామనుకున్నాడు కీర్తిశేషుడు. అవి ఆగలేదు.

"పోయారండీ."

ముగ్గురూ తలలు వంచారు. అంత గౌరవం ఆవిడకు బతికుండగా ఏ సభలోనూ దక్కలేదు. "ఎక్కడివారు పాపం?" అన్నాడు పంపిణీదారు.

"ఇక్కడివారేనండీ."

మొదటి అబద్ధమే బరువు. రెండోది దాని భుజమెక్కి దర్జాగా వస్తుంది.

తర్వాత ఆయనకు జెండా తొడిగారు. నడుం దగ్గర బిగుతైంది, మెడ దగ్గర దురదపెట్టింది, అయినా కీర్తిశేషుడు అద్దం ముందునుంచి కదల్లేదు. ఇంత వయసొచ్చాక తన ముఖం అంత నిజాయితీగా ఉండగలదని ఆయనకు అప్పుడే తెలిసింది. ఈ మనిషి చావడు. ఈ మనిషి ఇంటికి వెళతాడు.

"మీరు చేయాల్సింది ఏమీ లేదు సార్," అంది దర్శకురాలు. "వాళ్ళు ఉత్త తూటాలు పేలుస్తారు. మీరు నిలబడాలి. అంతే."

చేయాల్సింది ఏమీ లేకపోవడంలోనే ఆపద పొంచి ఉంది. తుపాకీ పేలిందో లేదో, ఆయన బుద్ధిని సంప్రదించకుండానే ఆ దేహం తన కులవృత్తికి పూనుకుంది. మోకాలు మడిచింది, భుజం తిప్పింది, ఒక చెయ్యి ఆకాశాన్ని అందుకోబోయి విరమించుకుంది. ధ్వజవీరుడు, దేశరక్షకుడు, తూటా దిగని మహానుభావుడు, మొదటి తూటాకే నిలువునా కూలి, అలవాటుగా కడపటి కేక వేశాడు: "అమ్మా!" కొస సాగింది, పైకి లేచింది, షెడ్డు కప్పుకు తగిలి నిలిచింది.

దీపాలు పట్టేవాళ్ళు అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వనిది సైనికాధికారి ఒక్కడే. లేచి దగ్గరికి వచ్చాడు.

"ఇంకోసారి అనండి."

"ఏమిటండీ?"

"ఆ పిలుపు."

"అమ్మా," అన్నాడు కీర్తిశేషుడు, ఇవతలి యాసలో, జాగ్రత్తగా.

"అది కాదు. ఇందాకటిది. నేను నది ఒడ్డున పనిచేశానండీ. గడ్డిలో అవతలి కుర్రాడొకడు పడి ఉన్నాడు. మేం వాడి దగ్గరికి వెళ్ళలేకపోయాం. చాలాసేపు అలాగే పిలిచాడు. అది సాధన చేస్తే వచ్చేది కాదు."

జెండా తొడుక్కుని నేల మీద కూర్చున్న కీర్తిశేషుడికి దాచడానికి ఇక చోటు కనబడలేదు. "మా అమ్మ అవతలి మనిషండీ. పోలేదు. ఇంట్లో బఠాణీలు ఒలుస్తోంది."

పంపిణీదారుకు కోపం వచ్చింది. అయితే ఎవరూ ఊహించని దారిలో వచ్చింది. "అంటే ఇన్నాళ్ళూ మేం నటన అనుకున్నామే, అది నటన కాదా? ఊరికే మాట్లాడుతున్నావా?"

"శత్రువుగా చావడానికి వచ్చినప్పుడు మా అమ్మ ఎవరని ఒక్కరూ అడగలేదండీ."

"అప్పుడు పనికొచ్చిన అమ్మ ఇప్పుడెందుకు పనికిరాదు?" అంది దర్శకురాలు.

"పనికిరాదని ఎవరన్నారు?" అన్నాడు నిర్మాత మెల్లగా. ఆయన కళ్ళలో ఒక వెలుగు పుట్టింది. పూర్వం ఋషులకు మంత్రాలు తోచినప్పుడు ఇటువంటి వెలుగే పుట్టి ఉండాలి. "అవతలి తల్లి కన్న ఇవతలి వీరుడు! ఇంతకన్నా పోస్టరేం కావాలి? సినిమా ప్రకటన సభకు ఆవిణ్ణి తీసుకురా. రెండు మాటలు చాలు. 'అది పాడుదేశం, అక్కడ పుట్టినందుకు సిగ్గుపడుతున్నాను.' ఇది మొదటిది. 'ఇదే నా దేశం.' ఇది రెండోది. వేషం నీదే. సాయంత్రం ఫోన్ చేస్తాను."

సైనికాధికారి టోపీ తీసుకున్నాడు. "నన్నడక్కండి," అని, ఎవరివైపూ చూడకుండా బయటికి నడిచాడు.

కీర్తిశేషుడు ఇంటికి నడిచి వచ్చాడో ఎగిరి వచ్చాడో ఆయనకే తెలియదు. చెప్పులు విప్పకుండానే మొత్తం చెప్పేశాడు. తల్లి శ్రద్ధగా విన్నది.

"ఇదే నా దేశం అనడానికేముందిరా, అంటాను. నా సంసారం ఇక్కడ, నా మొగుడు మట్టైంది ఇక్కడ. ఇది కాక ఇంకేది?"

"ఆ మొదటి మాట, అమ్మా?"

ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "అక్కడ మా అమ్మ ఉండేది. నేనెక్కిన పడవ కనబడినంతసేపూ ఒడ్డున నిలబడి చెయ్యి ఊపింది. మళ్ళీ చూడలేదు. నన్ను చావమను, చస్తాను. ఆవిడ నిలబడ్డ నేలను మాత్రం తిట్టలేనురా."

"ఉత్తుత్తి మాటేగా అత్తయ్యా," అంది కోడలు, తనకే నమ్మకం లేని గొంతుతో.

"ఉత్తుత్తిదే అయితే ఆ నిర్మాతనే తన పుట్టినూరి మీద అనమను."

కీర్తిశేషుడు కూర్చున్నాడు, లేచాడు, మంచినీళ్ళు పోసుకుని తాగడం మరిచాడు. వీధివైపు కిటికీ తెరిచి, దేనికి తెరిచాడో తెలియక మూశాడు. తల్లిని ఇంకోసారి బతిమాలాలనిపించింది. అనిపించినందుకు ఒళ్ళు మండింది. అంతలో ఫోను మోగింది. నిర్మాత గొంతు ఎంత పెద్దదంటే, ఫోను చెవిన పెట్టుకున్నా వీధిలోకి వినబడుతుంది.

"ఏమందయ్యా అమ్మగారు?"

"మొదటి మాట అననంటోందండీ."

"ఒక్క మాటయ్యా!"

"అననంటోందండీ."

"పోనీలే. పొద్దున నువ్వు చెప్పిందే ఖాయం చేద్దాం. ఆవిడ పోయారు. ఇక్కడివారే. సినిమా మొదట్లో ఆవిడ స్మృతికి అంకితమని నేనే వేయిస్తాను, పెద్ద అక్షరాలతో. విన్నవాళ్ళ నోళ్ళు నేను చూసుకుంటా. నువ్వు ఆవిణ్ణి జనంలోకి రానివ్వకు, చాలు. సరేనా?"

కీర్తిశేషుడు తలెత్తాడు. కిటికీ దగ్గర కుర్చీలో తల్లి ఆ మాటలన్నీ విని, కొడుకు వైపు గబగబా తలూపింది. సరే అను, సరే అను. అప్పటికీ వాడు పలకకపోవడం చూసి, ఇక ఆలస్యం లాభం లేదని, తల ఒక పక్కకు వాల్చి, నోరు కొంచెం తెరిచి, కళ్ళు మూసుకుని చచ్చిపోయింది.

చావు గురించి ఆ దేశంలో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అంత అధ్వాన్నమైన నటన ఆయన జన్మలో చూడలేదు. రెప్పలు టపటప కొట్టుకుంటున్నాయి. చేతివేళ్ళు కొంగును నలుపుతున్నాయి. అయినా ఆయన వెనక్కి చెయ్యి చాచి గోడ పట్టుకున్నాడు.

"ఏమయ్యా, ఉన్నావా?"

"ఉన్నానండీ," అన్నాడు. "ఆవిడా ఉంది. బతికే ఉంది. నది అవతలి మనిషి. అడిగినవాళ్ళందరికీ అదే చెబుతాను."

"అయితే ఆ కుర్రాడే," అంది ఫోను, ఆగిపోయింది.

చచ్చిపోయినావిడ కళ్ళు తెరిచి విరుచుకుపడింది. "ఓరి వెర్రివాడా! నోటిదాకా వచ్చినదాన్ని నేలపాలు చేశావే! నీకోసం అంత బాగా చచ్చానే!"

"బాగా చావలేదమ్మా," అన్నాడు కీర్తిశేషుడు. "రెప్పలు కదిలాయి."

నవ్వుదామని చూశాడు, నవ్వు రాలేదు. వేషం ఆయనకు ఇంకా కావాలి. మెడ దగ్గర ఆ గుడ్డ పెట్టిన దురద కూడా ఇంకా ఉంది. గోడకు ఆనుకుని, ఫోను వైపు చూడకుండా ఉండటానికి తంటాలు పడుతూ, మళ్ళీ మోగుతుందేమోనని చెవి అటే పెట్టి నిలబడ్డాడు. మోగితే మళ్ళీ ఆ మాటే చెప్పాలి. రెండోసారి చెప్పడం మొదటిసారి అంత తేలిక కాదని ఆయనకు అప్పుడే అర్థమవుతోంది.