చక్కెర పొట్లం

భర్త మహేందర్ చొక్కా ఇస్త్రీ చేస్తున్న ధనలక్ష్మి చేయి కాలరు దగ్గర ఆగిపోయింది. వెనక నుంచి అతను, "జ్యోతిరాణి పెండ్లికి నేను గూడ వస్త. అమ్మ గూడ వస్తదట," అన్నాడు.

ఆమె వైపు శుభకార్యాలకు అతను వచ్చిన పాపాన పోలేదు. సిరికొండలో తమ్ముడి గృహప్రవేశానికి ఒక్కతే పోయి, తెల్లారి వీళ్లకు చాయ పెట్టే వేళకు తిరిగొచ్చింది. జ్యోతిరాణి నిజామాబాద్ చీరల దుకాణంలో ఆమెతో పాటు పనిచేస్తుంది. నలభైకి దగ్గరపడి పెళ్లి చేసుకుంటోంది. శుభలేఖ వచ్చిన రోజు అత్త ప్రమీలమ్మ, మనుమలను ఎత్తుకునే వయసుల బాసింగమా అని మూతి తిప్పింది. పెళ్లికొడుకుది మహారాష్ట్రలోని ధర్మాబాద్ అనీ, తన పుట్టింటి వాళ్లకు చుట్టమనీ తెలిశాక ఆ మూతి తిన్నగా అయింది.

కూతురు శృతికి చీర కట్టమన్నదీ అత్తే. ఇంటర్ రెండో ఏడు చదివే పిల్ల, చీర వద్దని గునిసింది. నాయనమ్మ పక్కన కూర్చోబెట్టుకుని మెత్తగా నచ్చజెప్పింది. అత్త గొంతులో అంత మెత్తదనం ఉందని ధనలక్ష్మికి ఇన్నాళ్లూ తెలియదు. సంతోషపడాలో భయపడాలో అర్థం కాక, సంతోషపడటానికే చూసింది. అందరికీ ఉప్మా చేసి పెట్టి, గిన్నెలు తోమి, తన జడ మాత్రం బండి ఎక్కాక అల్లుకుంది.

బోధన్ దగ్గరపడే కొద్దీ వరి మళ్ల నడుమ చెరుకు తోటలు కనిపించాయి. కోతకొచ్చిన చెరుకు, లోపల మనిషి నిలబడ్డా కనబడనంత ఎత్తు. మహేందర్ ఫోను మోగింది. "ఆ, వస్తున్నం. పచ్చ చీర," అని పెట్టేశాడు. ధనలక్ష్మిది నేరేడు రంగు చీర. పచ్చ చీరలో ఉన్నది శృతి. ఆమె అడగబోయింది. అడిగితే, ప్రతిదానికీ నీకెందుకంటాడని ఊరుకుంది.

బోధన్ ఫంక్షన్ హాలులో జ్యోతిరాణి మంటపం మీద నుంచే చేయి ఊపి పిలిచింది. ధనలక్ష్మి లేవబోతే అత్త కొంగు పట్టి కూర్చోబెట్టింది. ఎదురు వరుసలో ఇద్దరు ఆడవాళ్లు మరాఠీలో ఏదో అనుకుంటూ శృతి నవ్వును, జడను, కాళ్లను చూస్తున్నారు. దాహమవుతోంది బిడ్డా అని ఒకామె నీళ్లు తెప్పించుకుంది. పిల్ల వెళ్లి వచ్చేదాకా నడక చూసింది. తెచ్చిన నీళ్లు తాగలేదు.

తలంబ్రాల వేళ అందరి కళ్లూ మంటపం మీద ఉండగా, గోచీ పోసి చీర కట్టిన ముసలామె ఒకతి వచ్చి నిలబడింది. "వదినా, గీ పిల్లనే," అంది ప్రమీలమ్మ. ముసలామె శృతి నొసట కుంకుమ దిద్ది, సంచిలోంచి తళుకు కాగితం చుట్టిన పొట్లం తీసింది.

ధనలక్ష్మి ఆ పొట్లాన్ని గుర్తుపట్టింది. తన పుట్టింటి సిరికొండ వైపు ఆ ఆనవాయితీ లేదు. మరాఠీ పక్క చుట్టరికాలున్న ఈ ఇళ్లల్లో పిల్ల చేతిలో చక్కెర పొట్లం పడిందంటే పెళ్లి మాట ఖాయమైనట్టే. శృతి ఈడులో తానూ ఒక పెళ్లికి పోయి, ఎవరో ముసలమ్మ ఇస్తే అందరికీ పంచే మిఠాయి అనుకుని రెండు చేతులా అందుకుంది. అక్కడే విప్పి నోట్లో వేసుకుంది. ఇల్లు చేరాక బాపు, నువ్వే తీసుకుంటివి గద బిడ్డా, ఇప్పుడు కాదంటే ఎట్ల అన్నాడు. ఆ మాట ఈ ఇంటికీ చేరింది. జీతం మొత్తం ఇచ్చి చార్జీలకు చేయి చాచినా, చెంప మీద వేళ్లు తేలినా మహేందర్ అనేది అదే. నేనొచ్చి కాళ్లు పట్టుకున్ననా, చక్కెర తిన్నది నువ్వే.

ఏమీ తెలియని శృతి నవ్వుతూ దోసిలి పట్టింది.

"శృతీ, చేతులు ఎనుకకు పెట్టుకో."

గట్టిగా అనలేదు. అయినా పిల్ల ఉలిక్కిపడి చేతులు వెనక్కు తీసుకుంది. పొట్లం గాలిలోనే ఉండిపోయింది.

"నలుగుట్ల ఇజ్జత్ తీస్తవా? పట్టుకోమను," అంది అత్త, పళ్ల సందులోంచి.

"పట్టుకోదు అత్తమ్మా. అదేందో దానికి తెల్వది. నాకు తెలుసు."

మహేందర్ వచ్చాడు. చూసేవాళ్ల కోసం నవ్వుతూనే ఆమె మోచేయి ఒడిసిపట్టాడు. "ఇంటికి పోదాం పా," అన్నాడు మెల్లగా. తలుపు వేశాక ఆ మెల్లదనం ఏమవుతుందో ఆమెకు తెలుసు. శృతికీ తెలుసు కాబోలు, తల్లి వీపుకు ఆనుకుంది.

ధనలక్ష్మి మోచేయి విడిపించుకుంది.

"మీరు పొండ్రి. మేమిద్దరం బస్సుకు పోతం."

ఏ ఊరి బస్సో చెప్పలేదు.